పోస్ట్ ఏడులో లేని కుక్క

బైక్ రేసుల్లో జెండా ఊపేవాళ్ళకి జీతం ఉండదు. శని, ఆదివారాలు రెండు రోజులకీ కలిపి ఒక నారింజ రంగు కోటు, పూటకో లంచ్ పేకెట్, ఏడాదికో టోపీ ఇస్తారు. కోటు ఆదివారం సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. టోపీ మాత్రం మనదే. ఆ లెక్కన ఆవిడ ఇంట్లో తొమ్మిదేళ్ళకి తొమ్మిది టోపీలు పోగయ్యాయి. ఆవిడ భర్త వాటిలో ఒకటి పెట్టుకుని బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తాడు. ఎవరైనా టోపీ బాగుందంటే "మా ఆవిడ సంపాదన" అంటాడు. ఈ జోకు కూడా తొమ్మిదేళ్ళదే.

ట్రాక్ మీద మాత్రం ఆవిడని "చీఫ్" అంటారు. ఏడో మలుపు దగ్గర బాత్రూమంత సిమెంటు అరుగు, దాని మీద రేకుల కప్పు, పక్కన టైర్ల గోడ. అదే పోస్ట్ ఏడు. అక్కడ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ జెండా ఎప్పుడు విప్పాలో ఆవిడే చెప్తుంది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఆవిడ మాట వినదు కాబట్టి, ఏడాదికి నాలుగు సార్లు వచ్చే ఈ రెండు రోజుల కోసం ఆవిడ మిగతా రోజులన్నీ ఓపిక పట్టేది.

మిగతా రోజుల్లో ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సీసాలో ఏముందో అది కాగితం మీద రాయాలి. పని ఇంతే. కానీ ఆ ఇంత పనీ చేయనివ్వకుండా ఉండటానికి చుట్టాలు పడే అవస్థ అంతా ఇంతా కాదు. పోయినేడు బావగారే వచ్చారు. బావగారంటే ఆవిడ భర్తకి అన్నయ్య, వాళ్ళ అపార్టుమెంటు సంఘానికి ప్రెసిడెంటు, లిఫ్టులో "ఎక్కువ మాట్లాడరాదు" అని బోర్డు పెట్టించి దాని కింద నిలబడి మాట్లాడే మనిషి.

"అమ్మాయ్, షుగర్ రెండు వందల నలభై అని వచ్చిందట. ఆ రెండుని ఒకటి చేసెయ్. ఒక్క అంకేగా!" అన్నారు.

"మీ రక్తంలో ఉన్నది నేను మార్చలేను కదండీ బావగారూ."

"రక్తంలో ఎవరు మార్చమన్నారు? కాగితంలో మార్చు. మీ అక్క కాగితమే కదా చూసేది!"

ఆవిడ మార్చలేదు. అప్పటి నుంచీ బావగారు ఎవరికి పరిచయం చేసినా "మా మరదలండీ, చాలా స్ట్రిక్టు" అంటున్నారు. జబ్బు పేరు చెప్పి సానుభూతి కోరినట్టు అంటారు ఆ మాట.

అలాంటి బావగారు ఈ ఏడాది చివరి రేసు రోజున, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, నారింజ కోటు వేసుకుని పోస్ట్ ఏడుకి వచ్చారు. చేతిలో మడత కుర్చీ, భుజాన ఫ్లాస్కు, నుదుటి మీద రెండు జతల కళ్ళజోళ్ళు.

"ఏంటండీ ఇది?" అంది ఆవిడ.

"డ్యూటీ," అన్నారు బావగారు కుర్చీ విప్పుతూ. "రేస్ డైరెక్టర్ నాకు పొద్దున వాకింగ్ ఫ్రెండు. మీ పోస్టులో ఒకడికి జ్వరమట కదా? 'నేనున్నాను కదా' అన్నాను. ఆయన కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. మీ అక్కా మీ ఆయనా కూడా వచ్చారు, పైన ఏసీ గదిలో కూర్చున్నారు."

జెండాలు పట్టుకోవడానికి ఒక రోజు శిక్షణ ఉంటుంది, తర్వాత పరీక్ష ఉంటుంది, ఒక ఏడాది పాటు చీపురు పట్టుకుని ట్రాక్ మీద కంకర ఊడ్చితే గానీ జెండా చేతికి రాదు. ఆవిడ రెండేళ్ళు ఊడ్చింది. అప్పట్లో చీఫ్‌గా ఉన్నాయన ఆడవాళ్ళకి చీపురు బాగా కుదురుతుందని ఇంకో ఏడాది పొడిగించాడు. ఆ రెండేళ్ళూ ఇప్పుడు మడత కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు అనిపించి ఆవిడ చెవులు వేడెక్కాయి.

పోస్టులో ఇంకొకడున్నాడు, స్కూటర్ల మెకానిక్. పెద్దగా మాట్లాడడు. ఆవిడ చెప్పినట్టు పసుపు జెండా పట్టుకుని నిలబడతాడు. వాడు బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి బావగారి ముందు పెట్టాడు.

"బిస్కెట్లా? వద్దు బాబూ, షుగర్," అన్నారు బావగారు.

"ఫోనండీ. ఇక్కడ ఫోన్లు డబ్బాలో వేసెయ్యాలి. మా చీఫ్ రూలు."

బావగారు నొచ్చుకుంటూ ఫోను డబ్బాలో వేశారు. ఆవిడ చూసింది. మెకానిక్ చూశాడు. ఆయనకి రెండు ఫోన్లుంటాయన్న సంగతి ఆవిడకి తెలిసీ ఆ క్షణంలో తట్టలేదు. తర్వాత ఆ సంగతి తలుచుకుని ఆవిడ తన నెత్తిన తనే ఎన్ని మొట్టికాయలు వేసుకుందో లెక్కలేదు.

"చూడండి బావగారూ. మీరు గోడ వెనకే ఉండాలి. జెండా ముట్టుకోకూడదు. చప్పట్లు కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బైకులొచ్చే వైపుకి ఎప్పుడూ వీపు పెట్టకూడదు. మంచినీళ్ళు తాగినా సరే, అటు చూస్తూనే తాగాలి."

"మీ ఆయన చెప్తుంటాడులే. ఇంట్లో కూడా నువ్వు వీధి గుమ్మానికి ఎదురుగానే కూర్చుంటావట కదా," అని బావగారు నవ్వారు.

నిజమే. బస్సు కోసం నిలబడినా, రోడ్డు దాటినా, వచ్చే బండికి ఎదురుగా నిలబడే అలవాటు ఆవిడకి ఒంట్లోకి ఇంకిపోయింది. దాన్ని కూడా ఇంట్లో జోకు చేసి వాడుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది.

పొద్దుటి చిన్న రేసులు రెండూ బాగానే జరిగాయి. బావగారు మాత్రం ఆగలేదు. టైర్ల గోడకి ఆ రంగేమిటన్నారు. మెకానిక్‌కి నిలబడే పద్ధతి నేర్పారు. అపార్టుమెంటు పార్కింగు సమస్యకి పసుపు జెండాలే పరిష్కారమని తేల్చారు. ప్రతి పది నిమిషాలకీ ఒకసారి, "ఒక్కసారి పట్టుకుంటానమ్మా జెండా. ఊపను. పట్టుకుంటానంతే," అన్నారు. కొత్త చీర కొట్లో పట్టి చూసినంత మాత్రాన పాడవుతుందా అన్నట్టు అడిగారు.

పెద్ద రేసు పన్నెండింటికి మొదలైంది. పన్నెండు ల్యాపులు. ముందు నుంచీ పోటీ ఇద్దరి మధ్యే, పదకొండు నంబరూ ముప్పై నాలుగు నంబరూ. పదకొండుది పెద్ద టీము. వాడికి గొడుగు పట్టడానికే వేరే మనిషున్నాడు. ముప్పై నాలుగు నంబరు వాడు పార్సిళ్ళు చేరవేసే కుర్రాడు. వారమంతా సందుల్లో తలుపులు కొట్టి, ఆదివారాలు తన బండి తనే విప్పుకుని తనే బిగించుకుని వస్తాడు. ఈ రేసు గెలిస్తే వచ్చే ఏడాదికి ఒక టీములో చోటు ఇస్తామని రాసిచ్చారు. గెలవకపోతే మళ్ళీ తలుపులే. ఈ సంగతి ట్రాక్ మీద ప్రతి చీపురుకీ తెలుసు. చప్పట్లు కొట్టకూడదన్న రూలు పెట్టింది తనే కాబట్టి, ముప్పై నాలుగు తన మలుపు దాటిన ప్రతిసారీ ఆవిడ కోటు జేబులో పిడికిలి బిగించి సరిపెట్టుకునేది.

తొమ్మిదో ల్యాపులో బైకులన్నీ మలుపు దాటి అటువైపు వెళ్ళాక బావగారు మళ్ళీ మొదలెట్టారు.

"ఒక్కసారమ్మా."

ఆవిడ తప్పు ఇక్కడే జరిగింది. కోపంతో చేసిన తప్పు. పోరు పడలేక, నోరు మూయిస్తే చాలనుకుని చేసింది.

"ఇవ్వు బాబూ ఆయనకి," అంది మెకానిక్‌తో. "బావగారూ, చుట్టిన జెండా చుట్టినట్టే ఉండాలి. బైకులు అటువైపు ఉన్నప్పుడే. అర నిమిషం. తర్వాత మీ నోట్లోంచి మాట రాకూడదు."

మెకానిక్ ఆవిడ వైపు ఒక చూపు చూసి జెండా ఇచ్చాడు. ఇచ్చి మంచినీళ్ళ క్యాను ఎత్తి గటగటా తాగడం మొదలెట్టాడు. సరిగ్గా అప్పుడే రేడియో మోగింది.

"పోస్ట్ ఏడు, కంట్రోల్. లంచ్ పేకెట్లు ఎన్ని?"

"మూడు."

"నాలుగని రాసుంది. నాలుగా, మూడా?"

"మూడు. ఒకతనికి జ్వరం."

"జ్వరమతని పేకెట్ ఎవరు తీసుకుంటున్నారు?"

బైకులు గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, కంట్రోల్ రూములో ఒక మనిషి ఒక పేకెట్టుకి వారసుణ్ణి వెతుకుతున్నాడు. ఆవిడ జవాబు చెప్పేలోపు మలుపు మొదట్లో ఇంజిన్ల మోత వినపడింది. తల తిప్పి చూసింది.

బావగారు ట్రాక్‌కి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఎడమ చేతిలో రెండో ఫోను, దానికో కర్ర. కుడి చేతిలో పసుపు జెండా, పూర్తిగా విప్పి, తల పైన ఊపుతున్నారు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. ఆయన వెనకాల ముప్పై నాలుగు పదకొండుని లోపలి గీత మీంచి దాటుతోంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ చూసిన దాటడాల్లో అంత అందమైనది ఇంకోటి లేదు.

పసుపు ఊపితే అర్థం ఒకటే. ముందు ప్రమాదముంది, నెమ్మదించు, ఎవర్నీ దాటకు. దాటితే ఐదు స్థానాలు వెనక్కి.

ఆవిడ ఒక్క దూకు దూకి జెండా లాక్కుంది. రేడియో అప్పటికే అరుస్తోంది. "పోస్ట్ ఏడు, పసుపు ఎందుకు? పోస్ట్ ఏడు!"

ఆవిడ బటన్ నొక్కింది. నోరు తెరిచింది. ఆవిడ భుజం మీంచి వంగి బావగారు రేడియోలోకి గట్టిగా అరిచారు: "కుక్క! కుక్కొచ్చిందండీ ట్రాక్ మీదికి!"

"కుక్క. రాసుకున్నాం. థాంక్యూ పోస్ట్ ఏడు."

ఆవిడ మళ్ళీ బటన్ నొక్కేసరికి పోస్ట్ మూడు దగ్గర ఎవరో పడ్డారు. అన్ని పోస్టులూ లైను ఖాళీ చేయాలని కంట్రోల్ కసిరింది. రేడియో నోరు మూసేసింది. బావగారు మూయలేదు.

"టైముకి ఎలా తట్టిందో చూశావా! వేరేవాళ్ళయితే నీళ్ళు నమిలేవాళ్ళు."

"ఎందుకు ఊపారు?" ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినపడింది.

"చుట్టిన జెండాతో ఫోటో ఏం బాగుంటుందమ్మా? గొడుగు పట్టుకున్నట్టుంటుంది."

"గోడ వెనక్కి వెళ్ళండి."

"ఇప్పుడేమైందని..."

"వెళ్ళండి!"

ముప్పై నాలుగు మొదటివాడిగా గీత దాటాడు. పది నిమిషాల తర్వాత స్పీకర్లలో చెప్పారు. ఏడో మలుపులో పసుపు జెండా కింద దాటినందుకు ముప్పై నాలుగుకి ఐదు స్థానాల శిక్ష, విజేత పదకొండు. ఫిర్యాదులకీ రిపోర్టులకీ అరగంట గడువు. గొడుగు మనిషి గంతులేశాడు.

లైను ఖాళీ కాగానే ఆవిడ రేడియోలో చెప్పింది. "కంట్రోల్, పోస్ట్ ఏడు. కుక్క లేదు. మళ్ళీ చెప్తున్నాను, కుక్క లేదు."

కాసేపు గరగరమని, "కాగితం మీద ఇవ్వండి" అని జవాబొచ్చింది.

ఆవిడ రిపోర్టు పుస్తకం చంకలో పెట్టుకుని గ్యారేజీల పైనున్న ఆఫీసు గదికి వెళ్ళింది. వెళ్ళేసరికి అక్కడ కుక్క పెద్దదైపోయి ఉంది.

"గోధుమ రంగుదటే," అంది తోడికోడలు ఆవిడని చూడగానే, సోఫాలో ఏసీ గాలికి ఎదురుగా కూర్చుని. "తోక తెల్లగా ఉందట పాపం. మీ బావగారు లేకపోతే ఆ మూగప్రాణం ఏమైపోయేది!"

"కుంటుతోందిట కూడా," అన్నాడు ఆవిడ భర్త. ఆయన చేతిలో ఒక శాండ్‌విచ్చు, మడిచిన మోకాలి మీద ఇంకోటి. "అన్నయ్య ఇప్పుడే చెప్పాడు."

బావగారు ఎలా వచ్చారో ఆవిడ కంటే ముందే వచ్చేశారు. రేస్ డైరెక్టర్ పక్కన నిలబడి ఉన్నారు. డైరెక్టర్ మెడలో స్టాప్‌వాచీ వేసుకున్న బక్కపలచటి మనిషి. ఎప్పుడూ మెల్లగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళు అరవడం లేదని నిర్ధారించుకుంటున్నట్టు. బావగారి చేతిలో ఒక గాజు జ్ఞాపిక ఉంది. దాని మీద ఎవరికోసమో ముందే చెక్కించిన "ఉత్తమ సేవలకు" అన్న మాటలున్నాయి. దాన్ని అప్పుడే ఆయనకి ఇచ్చేశారు కూడా.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా సీసాలు మోసిన చేతులు కాబట్టి వణకలేదు.

"సార్, కుక్క లేదు. ఆయన ఫోటో కోసం జెండా ఊపారు. ఆయనకి జెండా ఇమ్మన్నది నేను. అదే రాసిస్తాను."



"మేడమ్," అన్నాడు డైరెక్టర్ మెల్లగా. "కుక్క లేదని మీరంటున్నారు. ఉందని ఈయనంటున్నారు. రేడియో రికార్డులో కుక్క ఉంది. మీ పోస్టులో ఇంకో అతను?"

మెకానిక్ గుమ్మం దగ్గర బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. "నేను అబద్ధం చెప్పలేనండీ," అన్నాడు ఇబ్బందిగా. "క్యాను ఎత్తి నీళ్ళు తాగుతున్నాను. అప్పుడు నాకు ఆకాశం కనపడింది. ఆకాశంలో అయితే కుక్క లేదు."

"మరి ఫోటో అంటున్నారు. ఫోను?"

"డబ్బాలో వేశాను కదా," అన్నారు బావగారు అమాయకంగా. "ఏం బాబూ, నీ ముందే వేశాను కదా?"

"వేశారండీ," అన్నాడు మెకానిక్.

"రెండో ఫోనుంది ఆయనకి," అంది ఆవిడ.

"ఎక్కడుందమ్మా రెండోది? పొద్దున ఇంట్లో చార్జింగు పెట్టి వచ్చాను."

డైరెక్టర్ గొంతు ఇంకా తగ్గించాడు. "బహుమతులు ఇచ్చేశాం మేడమ్. ఫోటోలు తీశాం. ఇప్పుడు కుక్క లేదంటే అవన్నీ వెనక్కి తీసుకోవాలి. శిక్షణ లేని మనిషి చేతికి జెండా ఎలా వెళ్ళిందని నన్నడుగుతారు. నేను మిమ్మల్నడుగుతాను. రూలు ప్రకారం మీ జెండా లైసెన్సు పక్కన పెట్టాల్సొస్తుంది. కుక్క ఉంటే... అందరికీ సుఖం."

ఆవిడ బల్ల ముందు కూర్చుని పెన్ను తీసింది. భర్త వచ్చి పక్కన వంగాడు.

"ఎందుకే ఈ గోల? ఒక్క కుక్కేగా, రాసెయ్. లైసెన్సు పోతుందంటున్నాడు విన్నావా? ఆ పోస్టంటే నీకు ప్రాణం కదా!"

ఈ మాట మాత్రం సూటిగా తగిలింది. అది ఆవిడకి ప్రాణమని ఆయనకి తెలుసన్నమాట. తెలిసే తొమ్మిదేళ్ళు జోకులేశాడన్నమాట. పెన్ను కాగితం మీద ఆగింది. వచ్చే ఏడాది మొదటి రేసు పొద్దున పోస్ట్ ఏడులో ఇంకెవరో నిలబడి ఉండటం కళ్ళ ముందు కనపడింది. బహుశా మడత కుర్చీతో. నిజమే, ఒక్క కుక్క. మూడక్షరాలు కూడా లేవు. ఎవరి కాలూ విరగలేదు, ఎవరి రక్తమూ కారలేదు. ఇరవై గడుల రిపోర్టులో "కారణం" అన్న గడి అగ్గిపెట్టంత ఉంది. అందులో కుక్క హాయిగా పడుకుంటుంది.

ఆవిడ గడియారం చూసింది. గడువు ఇంకా పదకొండు నిమిషాలుంది.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. ముప్పై నాలుగు. హెల్మెట్ తీసేసరికి వాడి మొహం ఆవిడ అనుకున్న దానికంటే చిన్నదిగా ఉంది. వాడు గొడవకొచ్చాడనుకుని డైరెక్టర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పోస్ట్ ఏడు మేడమ్ మీరేనా?" అన్నాడు. "సారీ మేడమ్. జెండా చివర్లో చూశాను. అప్పటికే లోపలికి దూరేశాను. కుక్క నిజంగా కనపళ్ళేదు నాకు. దానికి... దెబ్బేమైనా తగిలిందా?"

బావగారు జ్ఞాపికని కోటు అంచుతో తుడుచుకుంటున్నారు.

"ఆ మలుపు దగ్గర వెతుక్కొచ్చాను. కంచె చుట్టూ తిరిగాను. ఎక్కడా లేదు. నా టైరు తగిలిందేమోనని..."

"ఏం కాలేదులే బాబూ," అన్నారు బావగారు ఉదారంగా. "పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. నేను చూశాను కదా."

ఆవిడ పెన్ను కాగితం మీదికి దిగింది. "కుక్క లేదు" అని రాసింది. అగ్గిపెట్టంత గడిలో ఎంత గట్టిగా రాసిందంటే కింద కాగితం మీద కూడా కుక్క లేదు. దాని కింద, జెండా తన అనుమతితోనే చేతులు మారిందని, తప్పు పోస్టు చీఫ్‌దని రాసి సంతకం పెట్టింది.

"తీసుకోండి సార్."

డైరెక్టర్ దాన్ని వేడి పళ్ళెంలా అంచులు పట్టుకున్నాడు. "మేడమ్, ఒక్క మీ మాట మీద నేను..."

"ఊరుకోవే, బావగారంటే అంత కచ్చేంటే నీకు?" తోడికోడలికి నిజంగానే బాధ కలిగింది. "ఎండలో నిలబడి సేవ చేసిన మనిషిని పట్టుకుని! ఇదిగో చూడు, ఎంత కష్టపడ్డారో. ఫోటో చూస్తే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. ఫ్యామిలీ గ్రూపులో నలభై ఒక్కమంది చప్పట్లు కొట్టారు. నువ్వెలాగూ ఆ గ్రూపు చూడవు కదా!"

తోడికోడలు తన ఫోను ఎత్తి చూపించింది. తెర మీద బావగారున్నారు. పళ్ళున్నాయి. జెండా ఉంది. కింద "విధి నిర్వహణలో నేను" అని ఉంది.



అరవై ఏళ్ళ మనిషి అంత చురుగ్గా కదలడం అక్కడెవరూ చూసి ఉండరు. బావగారు ప్యాంటు జేబులోంచి, ఇంట్లో చార్జింగు పెట్టి వచ్చిన రెండో ఫోను తీశారు. బొటనవేలితో మూడుసార్లు పొడిచారు. తోడికోడలి తెర మీద ఫోటో మాయమై, "ఈ మెసేజ్ తీసేశారు" అన్న బూడిద రంగు ముక్క మిగిలింది.

"ఏ ఫోటో?" అన్నారు బావగారు.

"అయ్యో, తీసేశారేంటండీ!" తోడికోడలు లబలబలాడింది. "అంత బాగొచ్చింది! డీపీ కూడా అదే పెట్టుకున్నారు కదా, అది కూడా తీసేశారా?"

బావగారి బొటనవేలు మళ్ళీ ఫోను మీదికి వెళ్ళింది. వెళ్ళి, తెరకి అంగుళం పైన ఆగిపోయింది. ఆవిడ ఆ వేలినే చూస్తోంది. డీపీ తీసేస్తే గండం గడుస్తుందని ఆయనకి తెలుసు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆయనకి ఒక్క ఫోటో కూడా అంత బాగా రాలేదు. పెళ్ళి ఫోటోలో కూడా కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆ వేలు వంగలేకపోయింది.

"డైరెక్టర్‌గారూ," అంది ఆవిడ. "మీ ఫోన్లో బావగారి పేరు తియ్యండి. వాకింగ్ ఫ్రెండు కదా, ఉంటుంది. పేరు పక్కన గుండ్రంగా బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కండి."

డైరెక్టర్ గుమ్మం వైపు చూశాడు. ముప్పై నాలుగు అక్కడే ఉన్నాడు, మెకానిక్ పక్కన, హెల్మెట్ చంకలో పెట్టుకుని. వాడక్కడ లేకపోతే డైరెక్టర్ ఏం చేసేవాడో చెప్పలేం. ఉన్నాడు కాబట్టి నొక్కాడు. బొమ్మ తెర నిండా పరుచుకుంది. దాన్ని రెండు వేళ్ళతో సాగదీశాడు. పళ్ళు పక్కకి జరిగాయి. వెనకాల పదకొండు, దాని లోపలి పక్కన ముప్పై నాలుగు, వాటి ముందు మలుపు చివరిదాకా తుడిచిపెట్టినట్టున్న ట్రాక్. కుక్క కాదు కదా, కుక్క నీడ కూడా లేదు.

"తోక తెల్లగా ఉందన్నారు," అన్నాడు డైరెక్టర్ చాలా మెల్లగా.

"ఫోటోకి ముందే వెళ్ళిపోయిందేమో," అన్నారు బావగారు.

"కుంటుతూనా?" అన్నాడు మెకానిక్.

ఇంక నాలుగు నిమిషాల గడువుండగా స్పీకర్లలో చెప్పారు. పోస్ట్ ఏడు పసుపు జెండా చెల్లదు, శిక్ష రద్దు, విజేత ముప్పై నాలుగు. పదకొండు తాలూకు గొడుగు మనిషి గొడుగు మూసేశాడు.

ముప్పై నాలుగు ఆ మాట పూర్తిగా విని, ఆవిడ వైపు తిరిగాడు.

"అయితే కుక్క లేనే లేదన్నమాట మేడమ్?"

"లేదు బాబూ."

"హమ్మయ్య," అన్నాడు వాడు. తర్వాత అక్కడే గుమ్మం గడప మీద కూలబడి, హెల్మెట్‌లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

డైరెక్టర్ ఆవిడ లైసెన్సు కార్డు తీసుకుని డ్రాయరులో వేశాడు. ఏడాదిపాటు జెండా పట్టకూడదు. "బాధగా ఉంది మేడమ్, రూలు," అన్నాడు. తన వాకింగ్ ఫ్రెండుకి నారింజ కోటు ఇచ్చింది ఏ రూలో ఆవిడ అడిగింది. ఆయన స్టాప్‌వాచీ చూసుకున్నాడు. బావగారి జ్ఞాపిక మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. చెక్కించేసిందాన్ని ఏం చేసుకుంటారు!

కోటూ విజిలూ రేడియో అప్పజెప్పడానికి ఆవిడ స్టోరుకి వెళ్ళింది. స్టోరు మనిషి పోస్ట్ ఏడు సంచి విప్పి జెండాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. ఎరుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ.

"పసుపు లేదేంటి చీఫ్?"

 ఆవిడ పార్కింగు వైపు నడిచింది. నడకలా లేదు అది, ఎవరినో తరుముతున్నట్టుంది.

కారులో అందరూ ఎక్కి కూర్చున్నారు. భర్త స్టీరింగు దగ్గర, బావగారు ముందు సీట్లో గాజు జ్ఞాపిక ఒళ్ళో పెట్టుకుని, తోడికోడలు వెనక. ఆవిడ నేరుగా వెళ్ళి డిక్కీ ఎత్తింది. మడత కుర్చీ ఉంది. ఫ్లాస్కు ఉంది. కుర్చీ మడతలో పసుపు జెండా, కర్రతో సహా, నీటుగా చుట్టి ఉంది. చుట్టడం మాత్రం బాగా నేర్చుకున్నారు.

"ఇదెందుకు తీసుకున్నారు?"

బావగారు అద్దంలోంచి చూశారు. "గుర్తుగా ఉంటుందనమ్మా. హాల్లో జ్ఞాపిక పక్కన పెడితే..."

ఆవిడ అప్పటిదాకా అరవలేదు. ఇప్పుడు అరిచింది.

"ఒక కుర్రాడు కంచె చుట్టూ తిరిగాడు బావగారూ! లేని కుక్క కోసం! దెబ్బ తగిలిందేమోనని! మీకు హాల్లోకి బొమ్మ కావాలా?"

పార్కింగులో నలుగురు తిరిగి చూశారు. భర్త అద్దం సగం దించి, "ఇంట్లో మాట్లాడుకుందాం, ఎక్కు. జనం చూస్తున్నారు," అన్నాడు.

"చూడనివ్వండి. చూడటానికే కదా తొమ్మిదేళ్ళుగా ఇక్కడ నిలబడింది నేను."

"ఇంటి మనిషివై ఉండి ఇంటి పరువు..." అని మొదలెట్టారు బావగారు.

"మీ పరువు మీ డీపీలో ఉందిలెండి. దాన్ని తీసెయ్యకండి. బాగుంది."

డిక్కీ మూత ధడేలున వేసింది. ముందు సీట్లో జ్ఞాపిక ఒకసారి ఎగిరి పడింది. ఆవిడ జెండా భుజాన వేసుకుని స్టోరు వైపు తిరిగింది. భర్త ఒకసారి హారన్ కొట్టాడు. తర్వాత రెండుసార్లు. తర్వాత కారు స్టార్టు చేసి, ఆవిడ వెనకే మెల్లగా పోనిస్తూ, హారన్ మీద చెయ్యి తీయకుండా వచ్చాడు.

వచ్చే బండికి వీపు పెట్టకూడదని తొమ్మిదేళ్ళుగా పదిమందికి నేర్పిన మనిషి, దారి మధ్యలో, వెనక్కి తిరగకుండా, పక్కకి జరగకుండా, తన నడక తను నడిచింది.